లైటు చూసుకోవడానికి తీసిన ఫొటోలు

మా బాబాయికి ఎదురుపడ్డ ప్రతి మనిషీ రెండు చెవులూ ఒక గడ్డమూ. మిగతాది ఆయన పట్టించుకోడు. గుర్తింపు కార్డులకు ఫొటోలు తీయడం ఆయన పని. రెండు చెవులూ కనపడాలి, గడ్డం పైకి లేవకూడదు, నవ్వకూడదు, వెనక తెల్లగోడ మీద నీడ పడకూడదు. ఇవి ప్రభుత్వం పెట్టిన నియమాలు. బాబాయి మాత్రం తన సొంత అభిప్రాయాలన్నట్టు మాట్లాడతాడు. చుట్టాలింట్లో ఎవరైనా చంటిపిల్లని తెచ్చి చూపిస్తే "ఎడమ చెవి వెనక్కి పోయింది, పెద్దయ్యాక ఇబ్బంది పడుతుంది" అంటాడు. అందుకే చుట్టాలు మమ్మల్ని పెద్దగా పిలవరు.

కెమెరా వెనక నిలబడగానే ఆయన నోట్లోంచి వచ్చే మొదటి మాట "గడ్డం దించండి". రానురాను అదే ఆయన పేరైపోయింది. "గడ్డం దించండి ఉన్నాడా?" అని అడుగుతూ షాపులోకి వస్తారు. ఆయన కూడా పలుకుతాడు.

స్టూడియో కింద, ఇల్లు పైన. ముందుగదిలో గాజు కౌంటరు, దాని వెనక తెర, తెర వెనక ఒక స్టూలు, రెండు గొడుగు లైట్లు, ప్రతి వేసవిలో బాబాయి చేత్తో సున్నం వేసుకునే గోడ. దారం కట్టిన దువ్వెన. ఒక నల్లకోటు. ఆ కోటుకి ముందు భాగమే ఉంటుంది, వీపు దగ్గర బట్టల క్లిప్పులు పెడితే సన్నటివాడికీ లావాటివాడికీ సరిపోతుంది. ముందు నుంచి జడ్జీలా కనిపించే మనిషి వెనక నుంచి ఆరేసిన బట్టలా ఉంటాడు. కాలేజీ మానేసి ఇంట్లో తిరుగుతున్నానని మా నాన్న నన్ను అక్కడ పడేశాడు. నా పని క్లిప్పులు పెట్టడం.

పొద్దున్నే షాపు తలుపులు తీయకముందు పిన్ని కిందికి దిగేది. పొయ్యి మీద ఏదో పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి స్టూలు మీద కూర్చునేది. బాబాయి ఒక ఫొటో తీసి, ముక్కు పక్కన నీడ ఎంతుందో చూసుకుని, "సరే, వెళ్లు" అనేవాడు. ఆవిడ వెళ్లిపోయేది. పెళ్లయినప్పటి నుంచీ ఇదే వరస. లైటు సరిపోయిందో లేదో చూసుకోవడానికి ఎవరో ఒకరు కూర్చోవాలి కదా, ఇంట్లో మనిషి ఉండగా బయటివాళ్లెందుకు అని ఆయన లెక్క.

స్టూలెక్కితే పిన్ని మొహంలో ఏమీ ఉండదు. కోపం లేదు, సంతోషం లేదు, విసుగు లేదు. పైన పాలు పొంగుతాయేమోనన్న ధ్యాస ఉంటుంది కానీ అది కూడా బయటికి రాదు. మామూలుగా గలగలా మాట్లాడే మనిషే. స్టూలు మీద మాత్రం స్విచ్చి ఆపేసినట్టు. బాబాయి ఆ ఫొటోలన్నీ దాచుకున్నాడు. నిన్నటి లైటుకీ ఇవాళ్టి లైటుకీ తేడా చూసుకోవాలిగా. కానీ వాటిలో పిన్ని బాగుందని ఒక్కరోజూ అన్నట్టు నేను వినలేదు. "నీడ బాగుంది" అనేవాడు.

అందరి ఫోన్లలోనూ మంచి కెమెరాలు వచ్చాక షాపు పలచబడింది. ఖాళీగా కూర్చుంటే మనిషికి కోరికలు పుడతాయి. బాబాయికి పేరు కావాలనిపించింది.

"ఒరేయ్, ఊళ్లో సగంమంది జేబుల్లో ఉన్నవి నా ఫొటోలే. ఒక్కదాని కిందన్నా నా పేరుందా?"

"కార్డు మీద నీ పేరెందుకు బాబాయ్? వాళ్లు దొంగతనం చేస్తే నిన్ను పట్టుకెళ్లడానికా?"

"పట్టుకెళ్తే పట్టుకెళ్లారు. అప్పుడైనా తెలుస్తుంది, తీసింది ఎవరో."

అలాంటి సమయంలో ఆయన ఫోన్లో ఒక సైటు తగిలింది. ప్రపంచంలో ఎక్కడెక్కడివాళ్లో తాము తీసిన ఫొటోలు తెచ్చి అందులో పెడుతుంటారు. ఎవరైనా తీసుకోవచ్చు, కత్తిరించుకోవచ్చు, రంగులు మార్చుకోవచ్చు, వ్యాపారానికి కూడా వాడుకోవచ్చు. తీసినవాడికి పైసా ఇవ్వక్కర్లేదు. షరతు ఒక్కటే, వాడిన చోట తీసినవాడి పేరు వేయాలి. ఈ ముక్క బాబాయి మళ్లీ మళ్లీ చదివాడు. దాని కిందే ఇంకో ముక్క ఉంది. ఒకసారి అలా ఇచ్చేశాక, తీసుకున్నవాళ్ల దగ్గర్నుంచి వెనక్కి లాక్కోవడం కుదరదని. దాన్ని వేలితో పైకి తోసేశాడు.

"మరి ఏ ఫొటోలు పెడతావు?" అన్నాను. "ఇక్కడున్నవన్నీ జనం మొహాలేగా?"

బాబాయికి నిజంగా కోపం వచ్చింది. "కస్టమర్ల మొహాలు బజార్లో పెడతామేంట్రా? బుద్ధుందా? నమ్మి వచ్చి కూర్చున్నారు వాళ్లు. నా సొంతవి పెడతా. లైటు ఫొటోలున్నాయిగా."

"అవి పిన్నివి కదా."

"పిన్నివేంట్రా, లైటువి."

జోకు కాదు, అలాగే అనుకున్నాడు. ఇన్నేళ్లుగా ఆ ఫొటోల్లో ఆయన చూసింది ముక్కు పక్కన నీడనే. మధ్యలో ముక్కు ఎవరిదన్నది ఆయన దృష్టికి రాలేదు. రాత్రీపగలూ కూర్చుని వందలకొద్దీ ఎక్కించాడు. ఒక్కోదానికీ పేరు పెట్టాడు. 'ఎడమ లైటు తక్కువ'. 'వాన రోజు'. 'కొత్త గొడుగు, మొదటిసారి'. 'కరెంటు పోబోయే ముందు'. తన అసలు పేరుతో ఖాతా తెరవబోతే ఆ పేరు ఎవరో ముందే తీసేసుకున్నారట. 'గడ్డం దించండి' మాత్రం ఖాళీగా ఉంది.

తెల్లగోడ ముందు, నీడ లేకుండా, ఏ భావమూ లేని ఒక నడివయసు ఆడమనిషి. అలాంటి మొహానికి ప్రపంచంలో అంత కరువుందని మాకు తెలీదు. ఏ భావం లేదు కనక ఎవడికి కావాల్సిన భావం వాడు పోసుకోవచ్చు. ముందు ఏదో దేశంలో పన్నుల చట్టం పుస్తకం అట్ట మీదికెక్కింది. తర్వాత ఒక బ్యాంకులో ఫిర్యాదుల విభాగం అధిపతి అయింది. ఒక నాటకం పోస్టరు మీద ముగ్గురు మొగుళ్లని చంపిన ఆవిడ. అన్నింటి కిందా చీమ తలకాయంత అక్షరాల్లో 'ఫొటో: గడ్డం దించండి'. బాబాయి భూతద్దం పెట్టి చూసుకుని మురిసిపోయేవాడు.

పిన్నికి ఈ సంగతి ఎదురింటి కుట్టుమిషనావిడ ద్వారా తెలిసింది. ఫోను చేత్తో పట్టుకుని మెట్లెక్కి వచ్చింది.

"వదినా, నువ్వు లాయరువని చెప్పనేలేదు! నా స్థలం గొడవ నీకు చెప్పుకుంటూనే ఉన్నాను కదా ఇన్నాళ్లూ!"

"నేను లాయరేంటి?"

"ఇదిగో, ప్రకటనలో. కోటు కూడా వేసుకున్నావు."

కోటు ఎవరో కంప్యూటర్లో తొడిగారు. పిన్ని ఫోను దగ్గరగా పెట్టుకుని చూసింది. "వెనక క్లిప్పులు పెట్టారో లేదో" అంది. మొదట ఆవిడకీ నవ్వుగానే ఉంది. లాయరు, బ్యాంకు, హత్యలు. ఇంట్లో కూర్చుని ఇన్ని ఉద్యోగాలు చేస్తున్నానంది. తర్వాత మలబద్ధకం మందు ప్రకటన వచ్చింది.

"చూడవే, కింద నా పేరు ఎంత పెద్దగా వేశారో!" అన్నాడు బాబాయి.

"పైన నేనున్నానుగా."

"ఫొటో మంచి లైటులో ఉంది, అందుకే తీసుకున్నారు."

"ఫొటో మీదే. మొహం ఎవరిది?"

బాబాయి ఆలోచించాడు. "మామూలుగా అయితే మొహం కస్టమరుది."

"నేను కస్టమర్నా?"

"కాదు."

"కస్టమర్ని కాకపోతే అడగక్కర్లేదా? దారినపోయేవాడి మొహం పెట్టడానికి మనసు రాలేదు, నాది మాత్రం గంపకెత్తి పారబోశారు."

"లైటు కోసమే కదే కూర్చున్నావు..."

"అవును, లైటు కోసమే కూర్చున్నా. మలబద్ధకం కోసం కాదు."

ఆ మర్నాటి నుంచి పిన్ని కిందికి దిగలేదు. బాబాయి స్టూలు మీద ప్లాస్టిక్ బకెట్టు బోర్లించి లైటు చూసుకునేవాడు. సైటు నుంచి ఫొటోలు తీసేద్దామని కూర్చున్నాడు కూడా. తన పేజీలోంచి తీసేయొచ్చు కానీ, తీసుకుపోయినవాళ్ల దగ్గర ఉన్నవి ఉన్నట్టే. వేలితో తోసేసిన ముక్క అప్పుడు పూర్తిగా చదివాడు.

ఈలోగా పిన్నికి నిజం ఉద్యోగం ఒకటి తగిలింది. విమానాశ్రయంలో, పెట్టెలు పోగొట్టుకున్నవాళ్లు వచ్చి అరిచే కౌంటరు. ఇంటర్వ్యూలో ఒక మనిషిని తెచ్చి ఆవిడ మొహం మీద గొంతు పోయేలా అరిపించారట. మిగతావాళ్లలో ఇద్దరు ఏడ్చారు, ఒకావిడ చెప్పు తీసింది. పిన్ని స్టూలు మీద కూర్చున్నట్టు కూర్చుంది. అరిచినవాడే చివరికి మంచినీళ్లు అడిగి తాగాడట. "సోమవారం చేరండి" అన్నారు. జీవితంలో ఆవిడకి మొదటి జీతం. ఇంటికొచ్చి పక్కింటికీ ఎదురింటికీ చెప్పింది, అన్నీ అయ్యాక బాబాయికి చెప్పింది. విమానాశ్రయంలోకి వెళ్లడానికి పాసు ఇవ్వాలంటే గుర్తింపు కార్డు కావాలి. ఆవిడ పాత కార్డుకి గడువు అయిపోయింది. సోమవారానికి తేకపోతే వరసలో తర్వాతి మనిషిని తీసుకుంటామన్నారు. తర్వాతి మనిషి ఆ చెప్పు తీసినావిడ.

శుక్రవారం కార్డుల ఆఫీసుకి పిన్నిని నేను తీసుకెళ్లాను. బాబాయి తీసిన కొత్త ఫొటో ఆవిడ చేతిలో ఉంది. ఒక్క మాట కూడా మాట్లాడుకోకుండా తీసిన ఫొటో.

కౌంటరమ్మాయి ఫొటో చూసి నవ్వింది. "ఇది కాదమ్మా. ఇది నమూనా. మీ ఫొటో ఇవ్వండి."

"నా ఫొటోనే."

"అందరూ ఇలాగే చేస్తున్నారు" అని ఆ అమ్మాయి గోడ మీదికి వేలు చూపించింది. పెద్ద బోర్డు. 'మీ ఫొటో ఇలా ఉండాలి.' బోర్డు నిండా పిన్ని. నాకు తెలిసిన ఫొటోనే, 'వాన రోజు'. కింద ఒక కార్డు బొమ్మ, పేరు: నమూనా, ఊరు: నమూనా, సంతకం: నమూనా.

"ఆవిడా నేనే" అంది పిన్ని.

ఆ అమ్మాయి బోర్డునీ పిన్నినీ మార్చి మార్చి చూసి ఫొటో మిషన్లో పెట్టింది. మిషను కీచుమంది. "ఈ మొహానికి కార్డు ఉందమ్మా. నమూనా గారి పేరు మీద."

"నమూనా గారు అసలు ఉన్నారా?" అన్నాను నేను.

"కార్డుంది కదండీ."

కొత్త మిషను పెట్టినప్పుడు పరీక్షించడానికి నమూనా కార్డునే అందులో ఎక్కించారట. ఒక మొహానికి ఒకే కార్డు, అది చట్టం. "నమూనా గారు వచ్చి, నాకేం అభ్యంతరం లేదని రాసిస్తే చూడొచ్చేమో" అంది ఆ అమ్మాయి. మంచి పిల్లే, సాయం చేద్దామనే చూస్తోంది.

"వచ్చానమ్మా. రాసిస్తా, కాగితం ఇవ్వు."

"మీరు రాస్తే ఎలాగండీ? నమూనా గారు రాయాలి. సంతకం కలవాలి కదా."

పిన్ని కాగితం తీసుకుని 'నమూనా' అని సంతకం పెట్టింది. మిషన్లో పెడితే కలవలేదు.

ఫోను చేస్తే బాబాయి షాపు కట్టేసి పరిగెత్తుకొచ్చాడు. జుట్టు పైకి దువ్వించి తీశాడు, పక్కకి దువ్వించి తీశాడు, ఆఫీసు మెట్ల మీద, గోడ దగ్గర, నన్ను తెల్లదుప్పటి పట్టుకోమని. నియమాల ప్రకారం తీసిన ఏ ఫొటో పెట్టినా మిషను నమూనా అనే అంటోంది. నవ్వించి తీస్తే మిషను పిన్నేనని ఒప్పుకుంది కానీ, నవ్వితే కార్డివ్వరు. చివరికి ముగ్గురం ఆఫీసరు గదిలో తేలాం.

ఆఫీసరు మర్యాదస్తుడు. బాబాయి ఫోన్లో సైటు చూపించాడు. "సార్, ఈ ఫొటో నేను తీసింది. ఎవరైనా వాడుకోవచ్చు, నేనే ఇచ్చా. కానీ పేరు వేయాలని షరతు. మీ బోర్డు మీద వేయలేదు."

ఆఫీసరు కళ్లజోడు పెట్టుకుని చదివాడు. "తప్పేనండీ. పై ఆఫీసు నుంచి అలాగే వచ్చింది. వేయిస్తాం. దేశంలో ఉన్న అన్ని ఆఫీసుల్లోనూ వేయిస్తాం. 'ఫొటో: గడ్డం దించండి.' నిజానికి మాకూ ఉపయోగమే, జనం గడ్డాలు పైకెత్తి తీయించుకుని చంపేస్తున్నారు."

బాబాయి కుర్చీ అంచు మీదికి జరిగాడు. "అన్ని ఆఫీసుల్లోనా?"

"అన్నిట్లోనూ."

"అందరికీ కనపడేలా?"

"బోర్డంటే అందరికీ కనపడేదేగా."

"మరి ఈవిడ కార్డు సార్?" అన్నాను నేను.

"నమూనా ఉన్నంతకాలం ఈవిడకి రాదు బాబూ. మీరు షరతు తప్పారు, ఫొటో తీసేయండి అని రాసిస్తే తీసేసే అధికారం నాకుంది. నమూనా పోతే మొహం ఖాళీ అవుతుంది, ఈవిడకి ఇప్పుడే ఇచ్చేస్తాను. అప్పుడు పేరు వేయడమనేది ఉండదు మరి, ఫొటోనే లేదు కనక."

"రెండూ కుదరవా?" అన్నాడు బాబాయి.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన కుర్చీ కాలు తన్నుదామనుకున్నాను.

"కుదరవండీ."

పిన్ని బతిమాలలేదు, కసరలేదు. ఆయనకేసి చూస్తూ కూర్చుంది. అదే మొహం. కాకపోతే ఈసారి తల కొద్దిగా పైకెత్తి ఉంది. బాబాయి అటు తిరిగాడు. అలవాటైన మాట అన్నాడు.

"గడ్డం దించు."

"దించను" అంది పిన్ని.

బాబాయి ఆవిడకేసి అలా చూస్తూనే ఉండిపోయాడు. చెవులు చూసే చూపు కాదది. ఎప్పటికో ఆఫీసరు వైపు తిరిగి, "తీసేయండి సార్. ఎక్కడ రాయాలి?" అన్నాడు.

తీసేయడం అనుకున్నంత తేలిక కాదు. మిషన్లోంచి ఒక మనిషి కార్డు తీసేయాలంటే కారణం చెప్పాలి. కారణాలు రెండే ఉన్నాయి, దేశం వదిలి వెళ్లడం, చనిపోవడం. నమూనా గారికి పాస్‌పోర్టు లేదు కనక మొదటిది కుదరలేదు. ఆఫీసరు గొంతు సవరించుకున్నాడు.

"దగ్గరి బంధువు సంతకం కావాలి. నమూనా గారికి ఎవరున్నారు?"

"భర్త ఉన్నాడు" అని పిన్ని బాబాయిని చూపించింది.

బాబాయి మొదటి సంతకం తప్పు పెట్టి, కొట్టేసి మళ్లీ పెట్టాడు. పేరు పోయినందుకో, పెళ్లాం పోయినట్టు రాస్తున్నందుకో తెలీదు. కౌంటరమ్మాయి పాపం లేచి నిలబడి, "ధైర్యంగా ఉండండి అంకుల్" అంది. పిన్ని పక్కనే నిలబడి ఆ పిల్ల భుజం తట్టింది. ఇద్దరు మనుషులు నిచ్చెన తెచ్చి బోర్డు మీద పిన్నిని గీకేశారు. ఆ ఖాళీలో 'ఇక్కడ మొహం' అని రాశారు. మర్నాడు ఒకడు తెల్లకాగితం మీద 'మొహం' అని రాసుకుని తెచ్చి కౌంటర్లో ఇచ్చాడట.

నమూనా గారు పోయిన పావుగంటకి పిన్ని కార్డు అచ్చయి వచ్చింది. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇందులో నేను నాలాగే ఉన్నాను" అని బ్యాగులో వేసుకుంది.

సోమవారం ఉద్యోగంలో చేరింది. బాగానే చేస్తోంది. మొదటివారంలోనే ఒకాయన పెట్టె పోయిందని బల్ల గుద్ది అరవబోయి, ఆవిడ మొహం చూసి ఆగిపోయాడట. "ఎక్కడో చూశాను మిమ్మల్ని... నాటకంలో మొగుళ్లని..." అంటూ గొంతు తగ్గించి, పెట్టె రంగు చెప్పి వెళ్లిపోయాడట.

మొదటి సెలవురోజున పిన్ని స్టూడియోలోకి దిగి కంప్యూటరు ముందు కూర్చుంది. "పోయినవి పోయాయి. ఉన్నవాటి సంగతి చూద్దాం. ఏది ఉండాలో ఏది పోవాలో నేను చెప్తా" అంది. బాబాయి కస్టమరులాగా పక్కన నిలబడ్డాడు. నేను మీటలు నొక్కాను.

"తీసెయ్. తీసెయ్. ఇది జ్వరం రోజు, తీసెయ్. ఇది మా అమ్మ పోయిన వారం, అప్పుడు కూడా కూర్చోబెట్టారా మీరు? తీసెయ్."

బాబాయి ప్రతిదానికీ లోపల్లోపల విలవిల్లాడుతున్నాడు. 'కొత్త గొడుగు' పోయినప్పుడు గోడకేసి తిరిగాడు. సాయంత్రానికి నిలబడినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. అప్పుడు ఒక ఫొటో వచ్చింది. పిన్ని చిన్న వయసులో ఉంది. స్టూలు మీద సరిగా సర్దుకోకముందే మీట నొక్కుడు పడ్డట్టుంది, పక్కకి తిరిగి ఎవరితోనో ఏదో అంటోంది. సగం మొహం చీకట్లో ఉంది, ఒక చెవే కనపడుతోంది.

"ఇది ఉంచు" అంది పిన్ని.

"అది పాడైపోయిందే!" అన్నాడు బాబాయి. "లైటు తప్పు. దాన్ని నా పేరు మీద ఎలా పెట్టమంటావు?"

"పెట్టండి. అందులో నేను బాగున్నాను."

బాబాయి కంప్యూటరు దగ్గరగా వంగి చాలాసేపు చూశాడు. ఎవరితో మాట్లాడుతున్నావని అడిగాడు. మీతోనే అంది పిన్ని. అప్పుడేమన్నావో గుర్తుందా అన్నాడు. గుర్తులేదు కానీ మీరు వినలేదని మాత్రం గుర్తుంది అంది.

"ఉంచరా" అన్నాడు బాబాయి నాతో.